చిలకకొయ్య మీది ముడుపు

మా బిడ్డ ఈరమ్మను చూడ్డానికి సుంకమ్మ వచ్చిన పొద్దున నేను వీధిలో ఆసు పోస్తున్నాను. పిల్లను చూడవచ్చేవాళ్ళు ఎండెక్కాక తీరిగ్గా వస్తారు గదా, ఈలోపు పని తెముల్చుకుందామనుకున్నాను. ఆమె అలాంటి మనిషి కాదని నాకేం తెలుసు? ఆత్మకూరు నుంచి కర్నూలు దాకా ముందురోజే వచ్చేసి, అక్కడి నుంచి మా కోడుమూరుకు బస్సును నమ్ముకోలేక మిరపకాయల బండి ఎక్కి దిగబడింది. జర్మనీ ఓడిపోయిందని అందరూ చెప్పుకుంటున్న ఎండాకాలం అది. అయినా పెట్రోలు దొరికేది కాదు. బస్సులను బొగ్గు పొగతో నడిపేవారు. ఎక్కినవాళ్ళు ప్రతి మిట్ట దగ్గరా దిగి తోయాల్సిందే.

ఆసు పోయడం చూడనివాళ్ళకు చెప్పాలి. వీధి పొడవునా వెదురుపుల్లలు నాటుతాం. నూలు కండె చేతబట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ, పోగును ఒక పుల్లకు ఎడమగా, పక్క పుల్లకు కుడిగా వేసుకుంటూ పోతాం. అదే చీరకు పడుగవుతుంది. మగ్గం గుంతలో కూర్చునేది మగవాడు, కాళ్ళరిగేలా తిరిగేది ఆడది. ఊరికే అటూ ఇటూ తిరిగే మనిషిని ఆసులో కండె అంటారు గానీ, ఆ తిరుగుడు లేకపోతే కట్టుకోవడానికి గుడ్డ ఉండదు.

సుంకమ్మ కాళ్ళయినా కడుక్కోకుండా అరుగు మీద కూర్చుని నా ఆసు చివరిదాకా చూసింది. 

“పోగు బిగువు శానా బాగుండాది వదినా. బిడ్డకు కూడా నేర్పినావా?” అంది.

“నాకంటే బాగా పోస్తాది. రొంత నోరే తక్కువ,” అన్నాను.

“నోరు మా ఇంట్లో నాకుండాది లే,” అని నవ్వింది. ఆ ఒక్క మాటతో ఆమె నాకు నచ్చేసింది. 

ఆమె కొడుకు సోమన్న అంతకు ముందు ఏడు వాళ్ళ నాయనతో కలిసి మా ఇంటికి మగ్గం అచ్చు కోసం వచ్చాడు. అప్పటి నుంచి ఎవరైనా ఆత్మకూరు పేరెత్తితే చాలు, మా ఈరమ్మ జొన్నలు చెరగడం ఆపి చాట పట్టుకుని అలాగే వినేది. తల్లిని, నాకు కనిపించదా? అందుకే ఆ సంబంధం కుదరాలని నాకు గట్టిగా ఉండేది.

అంతా కుదిరింది కూడా. జొన్నరొట్టె, ఎర్రగడ్డ కారం తిని లేచి, పోయొస్తానంటూ సుంకమ్మ సంతోషం పట్టలేక నన్ను గట్టిగా కావలించుకుంది.

“అమ్మా!” అని నేను పెట్టిన కేక వీధి చివరి పుల్ల దాకా వినబడి ఉంటుంది.

ఆమె బెదిరి చేతులు తీసేసింది. నేను ఎడమ రొమ్మును మోచేత్తో కాచుకుంటూ వంగిపోయాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 

“ఏమైంది వదినా? యాడ తగిలింది?”

నేను ఏదో ఒకటి చెప్పి కప్పిపుచ్చేదాన్నే. కానీ మా అత్త సుబ్బక్క అక్కడే ఉంది. మా అత్త నోట్లో నువ్వుగింజ నానదు. 

“మా కోడలికి ఆ పక్క రాచపుండు లేచింటే మద్రాసుకు పోయి సూదులేయించుకొనొచ్చిందమ్మా. రేడియం సూదులంట. ఆరేడేండ్లయింది. పుండు మానింది, నొప్పి మిగిలింది. మిగలదా మరి? ఈరన్న సామి మొక్కు ఇంగా చెల్లియ్యల్యా.”

రాచపుండు అన్న మాటకు సుంకమ్మ మొహం వాడింది. మొక్కు అన్న మాటకు పూర్తిగా మాడిపోయింది.

“ఏం మొక్కు అవ్వా?”

“ఉరుకుంద గుడి సుట్టూ పొర్లుదండాలు. అదో, ముడుపు.”

నడవ గోడకు, మనిషి చెయ్యి చాస్తే అందేంత ఎత్తున ఒక చిలకకొయ్య ఉండేది. దాని మీద పసుపు గుడ్డలో కట్టిన ముడుపు వేలాడుతూ ఉండేది. పొయ్యి పొగకు పసుపు పోయి గుడ్డ మసిరంగు తేలింది. నేను మద్రాసుకు పోయిననాడు మా అత్త కట్టింది. నేను బతికొస్తే శ్రావణమాసంలో నా చేత పొర్లుదండాలు పెట్టిస్తానని మొక్కుకుంది. రవిక ముడి తగిలితేనే ఓర్చుకోలేని రొమ్ముతో రాళ్ళ మీద పొర్లడమంటే ఏమిటో ఆమెకు తెలియదు. నేను చెప్పనూ లేదు. ప్రతి శ్రావణానికీ ఒక సాకు దొరికేది. ఒక ఏడు కరువు, ఒక ఏడు కలరా, ఇంకో ఏడు నూలు కంట్రోలు.

సుంకమ్మ మళ్ళీ అరుగు మీద కూర్చుంది. 

“తప్పుగా అనుకోవద్దు వదినా. మొక్కు పెట్టుకొని పెండ్లి చేయకూడదు. మా అక్క బిడ్డ పెండ్లి అట్లనే చేసినారు. పందిరి తీయకముందే ఇల్లంటుకునింది. శ్రావణంలో నేనూ ఉరుకుందకు వస్తా. మీరు మొక్కు చెల్లియ్యండి, నీ నొప్పి పోనీ. ఆ తర్వాత తాంబూలాలు పుచ్చుకుందాం.”

ఆమె మాటలో చెడ్డతనం లేదు. అదే నాకు కష్టమైంది. చెడ్డగా మాట్లాడి ఉంటే ఒకటికి రెండు అని పంపించేదాన్ని. ఈరమ్మ వీధిలోకి పోయి, ఎండలో ఆసు పుల్లలు ఒక్కొక్కటే పీకి తెచ్చి మూల పెట్టింది.

ఆ సాయంత్రం మా ఆయన ఉరుకుందప్ప మగ్గం గుంతలో నాడె చేతిలో పట్టుకుని నేయకుండా కూర్చున్నాడు. 

“నొప్పి ఎన్నాళ్ళ నుంచి?” అన్నాడు.

“సూదులు తీసిన నాటి నుంచి.”

“అడిగినప్పుడల్లా బాగుండాదంటివే!”

“బాగుండబట్టే గదా ఆసు పోస్తాండా, నీళ్ళు మోస్తాండా. నొప్పుండాదని చెప్తే నువ్వు గమ్మునుంటావా? మగ్గమాపి మళ్ళా మద్రాసు రైలెక్కిస్తావు.”

“అది మళ్ళా వచ్చిందేమో హనుమీ,” అన్నాడు. రాచపుండు అన్న పేరు ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు. అది, ఆ పాడుది, ఆ పీడ అనేవాడు.

అది మళ్ళీ వచ్చిందేమోనని నేను మాత్రం అనుకోలేదా? అనుకోని పొద్దు లేదు. స్నానం చేసేటప్పుడు వేళ్ళతో తడిమి, గడ్డ ఏదీ తగలకపోతే ఇంకో రోజు గడిచిందనుకునేదాన్ని. మిగిలిన దినమంతా నొప్పితో కాపురం. నీళ్ళబిందె కుడి చంకకు మార్చుకున్నాను. రవిక ముడి నడిమికి కాకుండా కుడికి లాగి వదులుగా వేసుకున్నాను, అది చూసి వీధిలో ఆడవాళ్ళు నవ్వినా సరే. పడుకునేటప్పుడు పాత చీర మడతపెట్టి ఎడమ చంకలో పెట్టుకునేదాన్ని. మబ్బు పట్టే ముందు నొప్పి ఎక్కువయ్యేది. మా వీధివాళ్ళకు ఇది ఎలా తెలిసిందో గానీ, విత్తనాలు వేసే ముందు నన్నడిగేవాళ్ళు. “హనుమక్కా, నీ పక్క ఏమంటాండాది? వానొస్తాదా?” అని. మా కరువు సీమలో అదొక ఉపకారమని నేనూ చెప్పేదాన్ని. ఆ మాటకు మాత్రం నాకూ నవ్వొచ్చేది.

నొప్పి ఎందుకని అడిగితే ఎవరి మాట వాళ్ళది. సూది ఒకటి లోపలే మిగిలిపోయిందని ఎదురింటావిడ. రేడియం వెలుగు బయటికి దారి లేక లోపల తిరుగుతోందని, ఒక వాత పెడితే పోతుందని పక్కింటాయన. మా అత్తకు మొక్కు తప్ప వేరే మాట లేదు. 

“ఇంతమంది చెప్పేదెందుకు? కర్నూలు పోదాం,” అని ఆయన మర్నాడే నన్ను బస్సెక్కించాడు. రెండు చోట్ల దిగి ఆయన బస్సు తోశాడు. నేనూ దిగి కుడి భుజంతో తోశాను.

కర్నూలు ఆసుపత్రిలో డాక్టరమ్మ అరవ దేశపు మనిషి. మద్రాసులో చదివిందట. చాలాసేపు తడిమి చూసింది. చంక కింద చూసింది, మెడ దగ్గర చూసింది. ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. నేను పైకప్పు వాసాలు చూస్తూ పడుకున్నాను. ఆ సేపు నాకు ఈరమ్మ తప్ప ఇంకేదీ గుర్తుకు రాలేదు. పెండ్లి చూసి పోతే చాలనుకున్నాను.

“పాత జబ్బు తిరగబెట్టలేదమ్మా,” అంది. 

“మరి ఈ నొప్పేంది?”

“మందు చేసిన పని. రేడియం జబ్బును చంపింది. దాని పక్కనున్న మంచి కండను కూడా కొంత కాల్చింది. కాలినచోట గట్టిపడి బిగుసుకుంది. చెయ్యెత్తితే లాగుతుంది, ఒత్తితే పోటు పెడుతుంది.”

“ఎప్పుడు పోతాది?”

“పోకపోవచ్చు.” ఆమె నా కళ్ళలోకి చూసే చెప్పింది. “కొంతమందికి తగ్గుతుంది. నీకు ఇన్నేళ్ళు నిలిచిందంటే ఇక నీతోనే ఉంటుందనుకో. కానీ ఆ చెయ్యిని ముడుచుకుని కూర్చోబెట్టావంటే ఇంకా బిగుస్తుంది. రోజూ గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళను గోడ మీద పైకి నడిపించు. నొప్పి మొదలైన చోట ఆగు, ఊపిరి తీసుకో, ఇంకొక్క వేలెడు పైకి పో. అక్కడి తోలు పలచగా ఉంది, చిట్లితే మానదు. కాపడాలు వద్దు, వాతలు అసలే వద్దు.”

“పొర్లుదండాలు?”

ఆమె నవ్వబోయింది. నేను నవ్వకపోయేసరికి తనూ మానుకుంది. “వద్దమ్మా,” అంది.

బయట వరండాలో మా ఆయనకు చెప్పాను. అది రాలేదంట, నొప్పి మాత్రం పోదంట అన్నాను. ఆయన స్తంభానికి ఆనుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. 

“బతుకుతానంటే ఏడుస్తావేందయ్యా,” అన్నాను గానీ నాకూ ఆగలేదు. పోదు అన్న మాట వింటే గుండె జారుతుందనుకున్నాను. జారలేదు. పోతుందేమో, పోతుందేమో అని ఆరేడేళ్ళు దాని మొహం చూస్తూ కూర్చున్నాను. ఇక ఆ పని లేదు. నొప్పి ఉంటే ఉండనీ. అదో నేనో, ఎవరు ఎవరి మాట వినాలో తేల్చుకుందామని తిరుగు బస్సులో కూర్చున్నప్పుడే నిశ్చయించుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నడవలో గోడకు ఎదురుగా నిలబడ్డాను. ఎడమ చేతి వేళ్ళు గోడకు ఆనించి ఎక్కించడం మొదలుపెట్టాను. నా భుజం ఎత్తు దాటగానే చంక నుంచి రొమ్ము దాకా ఎవరో పగ్గం వేసి లాగినట్టయింది. అక్కడ సున్నంతో ఒక బొట్టు పెట్టాను. తలెత్తి చూస్తే చిలకకొయ్య ఎంతో పైనుంది.

మా అత్త నశ్యం పీలుస్తూ వచ్చి చూసింది.

“ఏమే, బల్లిని పడతాండావా?”

“కాదత్తా. గోడెక్కుతాండా.”

“పిచ్చి గిట్ల పట్టల్యా గదా?”

డాక్టరమ్మ మాట మొత్తం చెప్పాను. పొర్లడం వద్దందని కూడా చెప్పాను. ఆమె నశ్యపు డబ్బీ మూత పెట్టేసి గడప మీద కూర్చుంది.

“నువ్వు మద్రాసుకు పోయిననాడు నా కొడుకు మొహం చూసినా. అది నీకు తెల్దు. నువ్వు రైల్లో పడుకొని ఉంటివి. నేను ఆ పొద్దే పసుపు గుడ్డ తడిపి ముడుపు కట్టినా. సామీ, దాని పాణం నిలబెట్టు, దానిచేత నీ గుడి సుట్టూ పొర్లించుకుంటా అని. సామి మాట నిలబెట్టుకున్న్యాడు. నేను తప్పాల్నా?”

“పాణమిచ్చిన సామి, ఆ పాణాన్ని తన వాకిట్లోనే చింపుకోమంటాడా అత్తా?”

“నాకు తెల్దు. అన్న మాట అన్నట్టు చెల్లియ్యాల. అది కాదు ఇది అని దేవునితో బేరమాడేకి మనమెవరు?”

ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చాయి. నాకు ఒళ్ళు మండింది. నా ఒళ్ళు, నా నొప్పి, మొక్కు మాత్రం ఆమెది. మాటామాటా పెరిగింది. మధ్యలో ఈరమ్మ వచ్చి నిలబడింది. 

“అవ్వా, అమ్మ బదులు నేను పొర్లుతా. అమ్మను వదిలెయ్.”

నోరు తక్కువని నేను చెప్పిన పిల్ల అది.  ఆ సంబంధం పోతుందని భయం ఒక పక్క, నేను చిట్లిపోతానని భయం ఒక పక్క. నా వల్ల నా బిడ్డ అలా నిలబడాల్సి రావడం నేను ఓర్చుకోలేకపోయాను.

“ఎవరూ పొర్లొద్దు. నేనే పొర్లుతా,” అన్నాను. “కానీ నాకెట్ల వస్తాదో అట్ల పొర్లుతా. అత్తా, నువ్వు గమ్మున చూడు.”

ఆషాఢమంతా ఆ పనే. పొద్దున గోడ. ఆ తర్వాత పెరట్లో చాప పరుచుకుని పొర్లడం నేర్చుకున్నాను. ముసలితనం వస్తున్న ఆడది పెరట్లో పొర్లుతుంటే ప్రహరీ మీది నుంచి వెనకింటావిడ ఎన్నిసార్లు తొంగి చూసిందో! బోర్లా తిరిగేటప్పుడు కుడి మోచెయ్యి నేలకు ఊని, ఎడమ పక్కను కొంచెం పైకి తేల్చి, నడుము బలంతో దాటుకోవాలి. ఆ కిటుకు పట్టుబడేదాకా ఎన్నో రోజులు పట్టింది. ఒక్కోరోజు నొప్పి పెరిగి అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయేదాన్ని. అలాంటి రోజు గోడకు సెలవిచ్చేదాన్ని గానీ, వరసగా రెండో రోజు ఇచ్చేదాన్ని కాదు. 

మా అత్త నాతో మాట్లాడటం మానేసింది. కానీ పొద్దున నేను లేచేసరికి గోడ దగ్గర సున్నం గిన్నె తడిపి పెట్టి ఉండేది. గోడ మీద తెల్లబొట్లు చీమల బారులా పైకి పాకుతున్నాయి.

శ్రావణం వచ్చింది. ఉరుకుందకు బండి కట్టిన పొద్దున, ముడుపు దించాల్సి వచ్చింది. మా ఆయన చెయ్యి చాచబోతే వద్దన్నాను. గోడకు నిలబడి ఎడమ చేతి వేళ్ళు ఎక్కించాను. ఆఖరి బొట్టు దాటాను. చంకలో పగ్గం బిగిసింది. ఆగాను, ఊపిరి తీసుకున్నాను. ఇంకొక్క వేలెడు. మునివేళ్ళ మీద నిలబడి పళ్ళు బిగబట్టి చిలకకొయ్య నుంచి ముడుపు తప్పించాను. 

మా అత్త చూసింది. “బండి కదలాల, రాండి,” అని మాత్రం అంది.

ఉరుకుందలో జనం కిటకిటలాడుతున్నారు. సుంకమ్మ మా కంటే ముందే వచ్చి, గుడి పక్క వేపచెట్టు నీడలో మా కోసం చోటు పట్టి పెట్టింది. నెత్తిన నీళ్ళు పోసుకుని తడిచీరతో గుడి ముందర పడుకున్నాను. రాళ్ళు పరిచిన దారి. మన్ను, కొబ్బరి పెంకులు, నీళ్ళు. తడిచీర ఎంత బరువుంటుందో నేను పెరట్లో లెక్క చూసుకోలేదు. అదీ నా పొరపాటు. పొడిచీరతో చాప మీద నేర్చిన విద్య తడిచీరతో రాయి మీద ఎంతసేపు నిలుస్తుంది?

గుడి వెనక దాకా బాగానే పోయాను. వెనక మలుపు దగ్గర తడి కొంగు నడుముకు చుట్టుకుంది, కుడి మోచెయ్యి జారింది. ఎడమ రొమ్ము రాయికి తగిలింది. కళ్ళు బైర్లు కమ్మాయి. అరిచానో లేదో కూడా నాకు తెలియదు. మా ఆయన “లెయ్, ఇంగ చాలు!” అంటున్నాడు. ఈరమ్మ ఏడుస్తోంది. నేను లేవలేదు. లేస్తే ఇంకో శ్రావణం దాకా నా బిడ్డ చాట పట్టుకుని ఆత్మకూరు పేరు వింటూ కూర్చోవాలి. నాకున్నది ఒకటే ఆలోచన, ఇంకొక్క వేలెడు.

మోచెయ్యి మళ్ళీ ఊని తిరిగాను. ఈసారి రాయి తగలలేదు. మెత్తగా, వెచ్చగా ఏదో తగిలింది. కళ్ళు తెరిచి చూస్తే మా అత్త నా పక్కన మోకాళ్ళ మీద ఉంది. తన రెండు అరచేతులూ నేలకు పరిచి, నా రొమ్ముకు, రాయికి నడుమ పెట్టింది.

“తిరుగు,” అంది.

నేను వెల్లకిలా తిరిగాను. ఆమె మోకాళ్ళ మీద పాకి ముందుకొచ్చి మళ్ళీ చేతులు పరిచింది. నేను బోర్లా తిరిగాను. నా బరువంతా ఆ చేతుల మీద పడింది. అవి ముసలి చేతులు, రాట్నం తిప్పీ తిప్పీ వంకర తిరిగిన వేళ్ళు. 

గుడి దగ్గరి మనిషి ఎవరో అన్నాడు. “అవ్వా, పక్కకు లెయ్. మొక్కు ఆయమ్మది గదా.”

“మొక్కింది నేను. సేతులు నాయి. నీకేమప్పా కష్టం?” అంది మా అత్త తలెత్తకుండానే. 

అలా ఇద్దరం కలిసి గుడి ముందుకు వచ్చి చేరాం. మా అత్త ముడుపు విప్పి హుండీలో వేసింది. అప్పుడు చూశాను, ఆమె అరచేతుల తోలు లేచిపోయి నెత్తురు ఊరుతోంది. మోకాళ్ళ దగ్గర చీర చినిగింది. నా రొమ్ము మీద తోలు కమిలింది గానీ చిట్లలేదు.

వేపచెట్టు కింద కూర్చోబెట్టి సుంకమ్మ నాకు నీళ్ళు తాగించింది. ఆమె కళ్ళు కూడా తడిగా ఉన్నాయి. ఆశగా నా పక్కన కూర్చుని అడిగింది.

“నొప్పి పోయిందా వదినా?”

అందరూ నా వైపే చూశారు. మా ఆయన కళ్ళతోనే బతిమాలుతున్నాడు, పోయిందను అని. ఈరమ్మ నా పక్కకొచ్చి నిలబడింది. పోయిందని ఒక్క మాట అంటే ఆ చెట్టు కిందే తాంబూలాలు. నాకు ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. ఆరేడేళ్ళు చెప్పిన అబద్ధమే గదా, ఇంకొక్కసారి చెబితే ఏం పోతుంది? కానీ అది చెప్పినరోజు నుంచి నేను జీవితాంతం ఆమె ఎదుట నవ్వుతూ కావలింతలు ఓర్చుకోవాలి. అంతకంటే ముఖ్యం, నా పక్కన నిలబడి చూస్తున్న పిల్ల నా దగ్గర అదే నేర్చుకుంటుంది.

“పోల్యా వదినా,” అన్నాను. “ఉండాది. ఇంగ ఎప్పుడూ ఉంటాదని డాక్టరమ్మ చెప్పింది. అది జబ్బు కాదు, జబ్బు పోయిన జాడ. నీకు ఇష్టముంటే మా బిడ్డను చేసుకో, ల్యాకుంటే లేదు. రేపు మీ ఇంట్లో దానికి యాడన్నా నొప్పొస్తే, అమ్మ మాదిరి దాచిపెట్టుకోకూడదు. నొప్పుండాదని నీతో చెప్పాల. అందుకే నేను చెప్తాండా.”

 సుంకమ్మ మొహంలో భయం మళ్ళీ కనిపించింది. “మొక్కు చెల్లించినాక కూడా పోల్యా అంటే...” అని మా అత్త వైపు చూసింది.

మా అత్త చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చుని ఉంది. గుడి గోపురం వైపు చూసింది. ఇన్నేళ్ళూ మొక్కు చెల్లకే నొప్పి అని వీధి వీధికీ చెప్పిన మనిషి ఆమె. 

“నేను మొక్కింది పాణానికి,” అంది మెల్లగా. “దీని పాణం నిలబెట్టు సామీ అన్న్యా. నొప్పి మాట నేనెత్తనే లేదు. సామి నేనడిగింది ఇచ్చినాడు, మేము అన్నది చెల్లించినాం. ఆయనకూ మాకూ లెక్క సరిపోయింది. నొప్పి మా ఇంటిది. మేం చూసుకుంటాం.”

మా ఇంటిది అంది. నాది అనలేదు. నాకు అప్పుడు వచ్చిన ఏడుపు రాయి తగిలినప్పుడు కూడా రాలేదు.

సుంకమ్మ లేచి ఎక్కడికో పోయింది. పోయిందనే అనుకున్నాం. ఆమె మట్టిచిప్పలో వెన్న, పసుపు తీసుకుని తిరిగొచ్చి, మా అత్త ముందర కూర్చుని ఆ చేతులు ఒకదాని తర్వాత ఒకటి తన ఒళ్ళోకి తీసుకుంది. 

“ఇవి మానేదాకా పెండ్లి పెట్టుకోవద్దులే అవ్వా,” అంది పసుపు అద్దుతూ. “అక్షింతలేసేకి సేతులుండాల గదా.”

కార్తీకంలో పెండ్లి జరిగింది. ఈలోపు మా ఇంట్లో కొన్ని మారిపోయాయి. మా ఆయన ఆసు పుల్లలను పొట్టిగా కోసి నాటడం మొదలుపెట్టాడు, నేను చెయ్యి పైకెత్తే పని లేకుండా. మబ్బు పట్టిన రోజు ఆసు ఈరమ్మ పోసేది, నేను దగ్గర కూర్చుని కండెలు చుట్టేదాన్ని. నొప్పిగా ఉన్నప్పుడు ఉందని చెప్పేదాన్ని. మొదట్లో ఆ మాట అనడానికి సిగ్గేసింది. చెబితే ఎవరూ చావలేదు, పని ఆగిపోలేదు. మా అత్త పొద్దున్నే నశ్యం పీలుస్తూ, “గోడెక్కినావా?” అని కేకేసేది. ఖాళీ చిలకకొయ్యకు నేను చెయ్యి తగిలించి చూపితేగాని రాగిసంకటి ముద్ద పెట్టేది కాదు.

పెండ్లయి ఈరమ్మను బండెక్కించే వేళ సుంకమ్మ నా దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ చాచి, మీద పడబోయి, ఠక్కున ఆగిపోయింది. 

“యా పక్క వదినా?” అంది.

“కుడిపక్క,” అన్నాను.

ఆమె చుట్టూ తిరిగి నా కుడిపక్కకు వచ్చింది.